నేను చూపిన సున్నా

నేను ఒక ఊపిరి యంత్రాన్ని. గొట్టం నోట్లో పెట్టుకుని ఊదితే, తాగారో లేదో అంకె వేసి చెబుతాను. నన్ను తయారుచేసినవాళ్లు నాకు ఒక్క వాసనే నేర్పారు. మొదట పోలీసుల చేతిలో పనిచేశాను. యాలకులు నమిలి వచ్చినవాళ్లనూ, కన్నతల్లి మీద ఒట్టేసినవాళ్లనూ పట్టిచ్చాను. పాతబడ్డాక ఒక బస్సు డిపోకు వచ్చి, గేటు కాసే గఫార్ మెడలో వేలాడాను. అక్కడ నేను సున్నా చూపిస్తేనే డ్రైవర్‌కు బస్సు.

డ్రైవర్ పోశెట్టి బుద్ధెరిగాక కల్లు చుక్క ముట్టినవాడు కాదు. ఊదినప్పుడల్లా "మళ్ల సున్నానే!" అని మీసం దువ్వేవాడు. ఆ నెలలో డాక్టర్ అతని షుగర్ మాత్రలు పెంచాడు. పోశెట్టికి శనివారాలు ఒక్కపొద్దు. మాత్ర మానకూడదన్నారు కాబట్టి పొద్దున్నే మింగేవాడు. అన్నం మాత్రం పొద్దుగూకాకే.

మొదటి శనివారం అతని చేతులు వణికి, నా గొట్టం పళ్లకు టకటకా కొట్టుకుంది. సున్నా చూపించాను. రెండో శనివారం చొక్కా చెమటతో తడిసిపోయింది, ఏమీ లేనిదానికి గఫార్ మీద విరుచుకుపడ్డాడు. అప్పుడూ సున్నానే. నాకు భయం పట్టుకుంది. కానీ నాకు అంకెలే తప్ప మాటల్లేవు.

మూడో శనివారం మధ్యాహ్నం గొట్టాన్ని నోటికి బదులు చెంపకు ఆనించుకున్నాడు. మాట ముద్దగా వస్తోంది. అతని బస్సు కండక్టర్ సలోమి అది చూసింది.

"గఫార్ భాయ్, బస్సియ్యకు. మా అమ్మ గూడ షుగర్ గోలీ ఏసుకొని తినకుంటే గిట్లనే అయితది. షుగర్ పడిపోయినట్టుంది."

గఫార్ ఎలాగో ఊదించి, నన్ను ఆమె వైపు తిప్పాడు. "సున్నా ఉంది చూడమ్మా. తాగలే."

"తాగిండని ఎవరన్నరు?"

తాగుడు మాట ఎత్తగానే పోశెట్టికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇరవై రెండేళ్ల నౌకరీలో నిలుపుకున్న పరువు! "నేను... తాగిన్నా?" అంటూ తూలుకుంటూ బస్సెక్కాడు. సలోమి చక్కెర కోసం క్యాంటీన్‌కు పరుగెత్తింది. గఫార్ నన్ను నమ్మి గేటు తీయడానికి వెళ్లాడు.

బస్సు ఒక్క ఊపున ముందుకు దూకింది. గేటుతో పాటు గఫార్‌ను గోడకు అదిమేసింది. అతని రొమ్ము మీదే నేను పగిలాను; ఆ రొమ్ములో ఊపిరి ఆగిపోయింది. నమ్మినవాణ్ణి నట్టేట ముంచాను.

సలోమి ఏడుస్తూనే పోశెట్టి చేత చక్కెర నీళ్లు తాగించింది. కాసేపటికి అతనికి తెలివి వచ్చింది. చుట్టూ మూగిన జనాన్ని చూసి, చొక్కా సర్దుకుని, ఎప్పటిలాగే అడిగాడు.

"టైమైతుంది గదా. గఫార్ ఏడి? గేటెవరు తీస్తరు?"