మొదటి చూపు

2009 జూన్‌లో ఒక సోమవారం ఉదయం, నాచారంలోని ఒక గేమ్ ఆఫీసులో దీప గీసిన కవచధారి తల తిప్పాడు. తిప్పమని ప్రోగ్రాంలో ఎక్కడా లేదు.

అంతకుముందు గీసిన ఇద్దరినీ క్లయింట్ తిప్పి పంపాడు. పాత వీడియో గేముల్లో చూసినవాళ్లే అన్నాడు. మూడోవాడూ తిరిగొస్తే దీప ఉద్యోగం పోతుందని మేనేజర్ ఉమామహేశ్వర్ ముందే చెప్పాడు.

దీప తండ్రి సాంబయ్యది చేర్యాల నకాశీ పని. ఉప్పల్‌లో అద్దె ఇంట్లో చెక్కపొట్టు, చింతగింజల బంక కలిపి బొమ్మలు చేస్తాడు. కూతురి కోసం శిరస్త్రాణం, భుజకవచాలతో ఒక వీరుణ్ణి చేశాడు. కళ్లు మాత్రం పెట్టలేదు.

“కండ్లు గురువారం దెరుస్త. ముందుగాల అద్దం వెడ్త. మొదటి సూపు అద్దం మీదనే వడాలె, మనిషి మీద గాదు.”

“నాకు సోమవారమే గావాలె నాయినా.”

“గట్లయితే గుడ్డోన్నే దీస్కపో.”

దీప ఆ బొమ్మను ఫొటో తీసి కంప్యూటర్‌లో ఎక్కించింది. క్లయింట్ అడిగిన పాత గేముల పద్ధతిలోనే గళ్లు గళ్లుగా మార్చింది. శిరస్త్రాణం సందులో రెండు తెల్ల గళ్లు తనే పెట్టింది. అప్పుడు తెర ముందు ఉన్నది ఆమె ఒక్కతే.

నీళ్లకు లేస్తే తల ఆమె వెంట తిరిగింది. వచ్చి కూర్చుంటే మళ్లీ ఎదురుగా వచ్చింది.

“నీ మీద మనసు వడ్డట్టున్నది అక్కా వీనికి,” అన్నాడు ప్రోగ్రామర్ హృషికేశ్. భోజనాల వేళ దాకా కోడ్ వెతికాడు. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత అతను నవ్వలేదు.

సాయంత్రం క్లయింట్ ఒప్పుకున్నాడు. తల తిప్పడం బాగుంది, తీయొద్దన్నాడు.

ఇంట్లో ఈ మాట విని సాంబయ్య కంచంలో చెయ్యి కడిగేశాడు.

“సూపు నీ మీద వడ్డదా? మూసెయ్ బిడ్డా. కండ్లకు రేకు గొట్టు.”

“మూస్తే నౌకరి వోతది.”

“నౌకరి ఇంకోటి దొరుకుతది.”

మర్నాడు దీప ఆ కళ్ల మీద ఇత్తడి రేకు గీసి, పాత ఫైలు చెరిపేసింది. ఉమామహేశ్వర్ వచ్చి చూశాడు.

“ఓకే అయిన బొమ్మని పాడుచేశావేంటమ్మా? కళ్లు తెరువు.”

“తెరవను సార్.”

“అయితే రేపట్నుంచి రావద్దు.”

బుధవారం హృషికేశ్ ఫోన్ చేశాడు. “రేకు అట్లనే ఉన్నది అక్కా. తల మాత్రం కుడికి తిరిగింది. మీ ఉప్పల్ దిక్కు.”

గురువారం సాంబయ్య కూతుర్ని నారపల్లిలో మేనత్త సత్తమ్మ ఇంట్లో దింపి వచ్చాడు. శుక్రవారం పొద్దున మళ్లీ ఫోన్ మోగింది.

“అక్కా, ఉప్పల్లనే ఉన్నవా?”

“ఎందుకు?”

“వాడు ఎడమకు తిరిగిండు.”

ఆ తెర ముందు కూర్చుంటే నారపల్లి ఎడమ పక్కకు వస్తుంది. దీప అక్కడ ఉన్నట్టు ఆఫీసులో ఎవరికీ తెలియదు.