కోతకొచ్చిన ఇంజను

ఆ ఉదయం తుక్కు యార్డుకొచ్చిన పదకొండు వాగన్ల చివర ఒక ఆకుపచ్చ ఇంజను తగిలించి ఉంది. దూరాలు వెళ్ళే రైళ్ళను లాగేది కాదు. యార్డుల్లో వాగన్లను అటూ ఇటూ జరిపే పొట్టి డీజిల్ ఇంజను. మూతపడ్డ ఫ్యాక్టరీ ఏదో దాన్ని కోతకు పంపించేసింది.

వాగన్లను లోపలికి లాక్కొచ్చిన డ్రైవరమ్మ దిగి చివరిదాకా నడిచి, దాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. పద్నాలుగేళ్ళుగా ఆమె నడుపుతున్న ఎర్ర ఇంజనూ ఇదీ ఒకే నమూనా, అచ్చం తోబుట్టువులే. ఎర్రదానికి ఈమధ్య ఆయాసం పట్టుకుంది. నాలుగు నిండు వాగన్లను తూకం యంత్రం ఉన్న గట్టు మీదికి ఎక్కించమంటే సగం దూరంలో చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. రెండేసి చొప్పున ఎక్కించేసరికి ఆమెకు తలప్రాణం తోకకొస్తోంది.

ఆకుపచ్చదాన్ని కోయాల్సింది ఆమె మొగుడే. యార్డంతా అతన్ని కట్టర్ అనే పిలుస్తుంది. అప్పటికే గ్యాస్ గొట్టాల చుట్ట విప్పుతున్నాడు.

ఆమె బోనెట్ తలుపు లాగి, నూనె కొలిచే కడ్డీ తీసి, వేళ్ళ మధ్య రాసి చూసింది. నూనె తేటగా ఉంది.

"దీనిలో ఇంకా ప్రాణం ఉంది," అంది.

"కాయితం ప్రకారం లేదు. ఒంటిగంట సైరన్ మోగేలోపు కోత మొదలుపెట్టమన్నాడు మేనేజరు."

"అంతదాకా ఆగు."

"ఇంట్లో నీ మాట, ఇక్కడ ఆయన మాట. నా మాట ఎక్కడ చెల్లుతుందో ఎవరైనా చెబితే బాగుండును," అన్నాడు గానీ, గొట్టాలు కింద పెట్టేశాడు.

ఆమె ఒక్క పరుగున ఆఫీసుకెళ్ళింది. మేనేజరు కాయితాల్లోంచి తల కూడా ఎత్తలేదు. "సైరన్ దాకా నీ ఇష్టం. మోగాక అది తుక్కే."

వచ్చేటప్పుడు ఫిట్టర్‌ను వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఆమె సొంత బాబాయి. ఆ యార్డులో ఆమె తన ఇంజను మీద చెయ్యి వెయ్యనిచ్చేది ఆయన్నొక్కణ్ణే. బాబాయి పొడవాటి ఇనపగడ దూర్చి లోపలి చక్రాన్ని తిప్పడానికి బలమంతా పెట్టాడు. కదల్లేదు. ఆమె కూడా పట్టింది. మూడోసారికి చక్రం జానెడు జరిగింది. ఆ తర్వాత వెన్నలా తిరిగింది.

"అమ్మడూ," అన్నాడు బాబాయి నెమ్మదిగా, "ఇది లోపల తుప్పుతో పట్టేసుకోలేదే."

ఇక ఇద్దరికీ కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆమె ఎర్ర ఇంజనును పక్క పట్టా మీదికి తెచ్చి నిలిపింది. దాని బ్యాటరీల నుంచి దీనికి లావుపాటి తీగలు తగిలించారు. పాత డీజిల్ వంచేసి కొత్తది పోశారు. గొట్టాల్లో ఇరుక్కున్న గాలి పోయేదాకా బాబాయి ఒక్కొక్క నట్టూ వదులు చేసి, బుడగలు ఆగాక బిగించాడు. ఆమె లోపలికెక్కి మీట నొక్కింది.

ఇంజను మూలిగింది, తిరిగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. నాలుగోసారికి ఎర్రదాని బ్యాటరీ కూడా నీరసపడింది.

ఆఫీసు గోడ మీది గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది. పాత చక్రాల గుట్ట మీద కూర్చుని ఇదంతా చూస్తున్న కట్టర్ లేచాడు. బాబాయి ముఖం చిన్నబోయింది.

"తప్పుకో మావయ్యా," అన్నాడు కట్టర్. చేతిలో మంటగొట్టం లేదు. బోనెట్‌లోకి భుజందాకా చెయ్యి దూర్చాడు. "పంపు వెనకాల ఒక గొళ్ళెం ఉంటుంది. ఇంజను మరీ జోరుగా తిరిగితే అది పడిపోయి డీజిల్ ఆపేస్తుంది. దీనికి పడిపోయే ఉంది." లోపల ఎక్కడో టక్కుమంది.

"పొద్దున్నుంచీ చెప్పవేం?" అంది డ్రైవరమ్మ.

"ఇప్పుడే తట్టింది. ఇరవై ఇంజన్లు కోశాను, దేని పేగు ఎక్కడుందో తెలుసు. ఒక్కటీ శబ్దం చెయ్యగా మాత్రం వినలేదు. నొక్కు."

ఆమె నొక్కింది. ఒక దగ్గు, రెండో దగ్గు. పొగగొట్టంలోంచి నల్లటి మేఘం లేచింది, దాంతోపాటు ఎండిన పిట్టగూడు ఒకటి ఎగిరిపడింది. మరుక్షణం నేల అదిరేలా ఇంజను అందుకుంది. ఇనపరేకుల గుట్టలు గలగలలాడాయి. ఆమెకు అరికాళ్ళ నుంచి మాడుదాకా ఒళ్ళు పులకరించిపోయింది. బాబాయి టోపీ తీసి గాల్లోకి విసిరాడు. ఎక్కడ పడిందో ఆయనకూ తెలియదు.

ఆ హోరులో సైరన్ మోగిందో లేదో ఎవరికీ వినపడలేదు. చెవులు మూసుకుని మేనేజరు మాత్రం వచ్చాడు. కాసేపు దాని చుట్టూ తిరిగి, గట్టు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ తూకానికి నాలుగు నిండు వాగన్లున్నాయి.

ఆమె బ్రేకు గాలి పూర్తిగా నిండేదాకా ఓపిక పట్టింది. వెళ్ళి వాగన్లకు ఆనించింది. బాబాయి కొక్కెం తగిలించి చెయ్యి ఊపాడు. గట్టు మొదట్లో చక్రాలు ఒక్కసారి జారాయి. ఆమె ఇంజను పెట్టెలోంచి పట్టాల మీదికి ఇసుక వదిలి, జోరు కాస్త తగ్గించి, మళ్ళీ మెల్లగా పెంచింది. పట్టు దొరికింది. ఎర్రది ఎప్పుడూ చతికిలబడే చోటు దాటింది. నాలుగు వాగన్లూ ఒకదాని వెనక ఒకటి గట్టెక్కి తూకం మీద నిలబడ్డాయి.

మేనేజరు జేబులోంచి కోత కాయితం తీసి అడ్డంగా గీత కొట్టాడు. "ఎర్రదాన్ని నెలరోజులు షెడ్డులో పెట్టి బాగుచెయ్యండి. ఈలోపు ఇది పనిచేస్తుంది," అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆమె ఇంజనుతో గట్టు దిగొచ్చేటప్పుడు కట్టర్ పరిగెత్తుకొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె ఆపి, లోపలికి రమ్మని సైగ చేసి, అతని చేతిని పిడి మీద పెట్టించి పైన తన చెయ్యి వేసింది. ఇంజను మెల్లగా కదిలింది. అతను ఆమె చెవి దగ్గర ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఒక్క ముక్కా వినపడలేదు. అయినా ఆమె సరే సరే అని తలాడిస్తూనే ఉంది.