మూడుసార్లు పిలిచిన పేరు

"ఆదివారం బ్రైడల్ షోకి వెళ్తున్నాం, నువ్వు మాత్రం రాకు బావా" అంది మరదలు ఫోనులో. రావద్దని చెప్పదలుచుకున్న మనిషి ఏ హాలో, ఎన్నింటికో అంత వివరంగా చెబుతుందా? బస్సు డ్రైవరుకి ఆ మాత్రం అర్థం కాకపోలేదు. కూతురి పెళ్ళి రెండు నెలల్లో ఉందన్న సంగతి కూడా అతనికి ఆ ఫోనులోనే తెలిసింది. కన్నతండ్రికి! అయినా ఎవరి మీద కోప్పడతాడు? తప్పు తనదే.

నాలుగేళ్ళ కిందట అతని భార్య మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి కన్నుమూసింది. ఆ మూడు నెలల్లో అతను అక్కడికి వెళ్ళింది ఒక్కసారే, మొదటిరోజు. ఆ మంచం, ఆ గొట్టాలు, సగమైపోయిన ఆ మొహం చూసి అయిదు నిమిషాలైనా కూర్చోకుండా బయటికొచ్చేశాడు. మర్నాటి నుంచి సెలవు పెట్టినవాళ్ళ డ్యూటీలన్నీ అడిగి మరీ నెత్తినేసుకున్నాడు. రేపొస్తానన్నాడు. ఆ రేపు రానే లేదు. నలభైమందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద బండి నడిపే మొనగాడు ఒక్క మంచం పక్కన కూర్చోలేక మొహం చాటేశాడు. పిరికితనం, దానికింకో పేరు లేదు. తల్లి పోయిన నాలుగో రోజున కూతురు బట్టలు సర్దుకుని పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ తండ్రితో మాట్లాడలేదు.

ఇప్పుడతనికి కావలసిందల్లా ఒక్కటే, "పెళ్ళికి రా నాన్నా" అన్న మాట. ముందు వరసలో కూర్చోబెట్టకపోతే మానె, ఏ తలుపు పక్కనో నిలబడి చూసినా చాలు. కానీ ఆ మాట పిల్ల నోటినుంచే రావాలి.

అతని బస్సులో కండక్టరు ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి ఆరితేరినవాడు. సంగతి వినగానే పాఠం మొదలుపెట్టాడు.

"చూడు గురూ, అలాంటిచోటికి ఊరికే చేతులూపుకుంటూ వెళ్తే ఏమీ మిగలదు. మెత్తటి చెప్పులేసుకో, నడవలేక చస్తావు. ఖాళీ సంచి పట్టుకెళ్ళు, కాగితాలు తెగ ఇస్తారు. పొద్దున్నే వెళ్ళు, తర్వాత జనం తోసేస్తారు. ఎంత నచ్చినా అక్కడికక్కడే సంతకం పెట్టకు. కేకు ముక్కలు రుచి చూడమంటారు, మొహమాటపడకు. లక్కీ డ్రా చీటీ మాత్రం వెయ్యడం మర్చిపోకు."

"నేనేమన్నా కొనడానికి వెళ్తున్నానా?"

"కొనేవాడిలా కనపడకపోతే నిన్నెవడు నిలబడనిస్తాడయ్యా? అయినా పెళ్ళికూతురు లేకుండా బ్రైడల్ షోకి వెళ్ళే మగాడివి నువ్వొక్కడివే!" అని కండక్టరు పకపకా నవ్వాడు. డ్రైవరు మొహం చూసి టక్కున ఆపేశాడు.

ఆదివారం హాలు తలుపులు తీసేసరికే డ్రైవరు గుమ్మంలో ఉన్నాడు. లోపల ఎటు చూసినా నిలువుటద్దాలు, తలల్లేని బొమ్మలకి తొడిగిన పెళ్ళి బట్టలు, ముక్కూమొహం తెలియని జంటలు నవ్వుతున్న ఫోటో ఆల్బములు. ప్రతి బల్ల దగ్గరా అమ్మేవాళ్ళది అదే ప్రశ్న.

"పెళ్ళి ఎవరికండీ?"

"మా అమ్మాయికి."

ఆ మాట అంటుంటే అతనికి ఛాతీ పొంగింది. రెండు బల్లలు దాటేసరికి ధైర్యమొచ్చి, "సన్నగా ఉంటుంది, చామనఛాయ, ఒక్కచోట కాలు నిలవదు" అని అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. పూలవాడి దగ్గర మాత్రం దొరికిపోయాడు.

"పాపకి ఏ పూలిష్టమండీ?"

"అదీ... వాళ్ళమ్మనడగాలి" అని నోరు జారాడు.

"అయితే మళ్ళీసారి అమ్మగారినీ తీసుకురండి" అన్నాడు పూలవాడు, పాపం, మర్యాదకి. డ్రైవరు తలూపి గబగబా అక్కణ్ణుంచి కదిలాడు.

లక్కీ డ్రా బల్ల దగ్గరున్న అమ్మాయి కలం చేతికిచ్చింది. గెలిచిన పెళ్ళికూతురికి కొలతలు తీసుకుని పెళ్ళి బట్టలు ఉచితంగా కుట్టిస్తారట. పిల్ల మాత్రం హాల్లోనే ఉండాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఇంకో చీటీ తీస్తారు. 'పెళ్ళికూతురి పేరు' అన్న గీత మీద డ్రైవరు 'బొంగరం' అని రాశాడు. నడక వచ్చిన రోజు నుంచీ ఆ పిల్లని ఇంట్లో పిలిచింది అలాగే, అసలు పేరు బడివాళ్ళకే తెలుసు. అయ్యో, ఇదేం రాశానని అతను తేరుకునేలోపే ఆ అమ్మాయి చీటీ మడిచి గాజుపెట్టెలో పడేసింది.

పదకొండింటికి మరదలూ కూతురూ వచ్చారు. డ్రైవరు ఒక అద్దం చాటుకి తప్పుకున్నాడు. కూతురు కాస్త ఒళ్ళు చేసింది. బట్ట కొసని రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తోంది, అచ్చం తల్లిలాగే. వెళ్ళు, వెళ్ళు అని డ్రైవరు తనను తాను ఎంత తిట్టుకున్నా కాళ్ళు కదిలితేనా!

అంతలో మైకు మోగింది.

"మొదటి బహుమతి... పెళ్ళికూతురు బొంగరం!"

హాలంతా గొల్లున నవ్వింది. డ్రైవరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. కూతురి చెయ్యి బట్ట మీదే ఆగిపోయింది. తలెత్తి చుట్టూ చూసింది. అద్దం పక్కన నిలబడ్డ తండ్రి మీద ఆమె చూపు నిలిచిపోయింది.

"రెండోసారి! బొంగరం గారూ, తిరిగింది చాలు, ఇటు రండి!" మళ్ళీ నవ్వులు.

పిన్ని మోచేత్తో పొడిచింది. "వెళ్ళవే, నిన్నే." పిల్ల కదల్లేదు. పలుకమ్మా, నా కోసం కాదు, బట్టల కోసమైనా పలుకు, అని డ్రైవరు లోలోపల వందసార్లు బతిమాలుకున్నాడు.

"మూడోసారి, ఆఖరిసారి. బొంగరం!"

పిల్ల పెదవి పళ్ళతో నొక్కిపట్టి తలదించుకుంది. "లేరన్నమాట, పాపం" అని మైకువాడు ఇంకో చీటీ తీశాడు. ఎవరో అమ్మాయి కేకలేస్తూ స్టేజి మీదికి పరుగెత్తింది.

ఆ సందట్లో కూతురు తిన్నగా తండ్రి దగ్గరికి నడిచి వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"తప్పయిపోయిందమ్మా. అలవాటుకొద్దీ చెయ్యి అలా..." అని డ్రైవరు నీళ్ళు నమిలాడు.

"అమ్మ నిన్ను పిలుస్తూనే ఉండేది. తెలివి ఉన్నప్పుడూ, లేనప్పుడూ. డ్యూటీలో ఉన్నాడమ్మా, వచ్చేస్తాడని నేనే సర్దిచెప్పేదాన్ని."

అతను కాగితాల సంచిని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"ఇందాక ఆ మైకులో నువ్వే పిలిచినట్టనిపించింది. పలక్కుండా నిలబడేసరికి ప్రాణం పోయినంత పనైంది నాకు. ఉత్త మూడు పిలుపులకే." ఆమె గొంతులో కోపం లేదు, అందుకే అతనికి మరీ భయం వేసింది. "తిట్టడానికి కాదు, నిజంగానే అడుగుతున్నా. మూడు నెలలు ఎలా ఉండగలిగావు నాన్నా?"

పిల్ల జవాబు కోసం అలాగే నిలబడింది. 'భయమేసిందమ్మా' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటా అతని నోటిదాకా వచ్చింది కూడా. అనలేకపోయాడు, ఖర్మ. కాసేపు చూసి చూసి, ఆమె కళ్ళు తుడుచుకుని పిన్ని దగ్గరికి వెళ్ళిపోయింది.