గోడకు నీడవైపు ఇల్లు

మా నాన్న వాల్టర్ కార్గిల్ డ్రమ్‌ఫారో దొరగారి తోటలో ముప్పై ఒక్క ఏళ్లు పెద్ద తోటమాలిగా పనిచేశాడు. ఆయన చేతికింద తొమ్మిదిమంది పనివాళ్లు. తోట చుట్టూ రెండు నిలువుల ఇటుక గోడ. ఆ గోడకు ఎండ పడే వైపు పీచ్ చెట్లు, ఎండ మొహం ఎరగని వైపు మా ఇల్లు. చలికాలం చివర్లో పీచ్ పూత మంచుకి మాడిపోకుండా గోడ లోపల పొగగొట్టాలు పెట్టి వెచ్చబెట్టేవాళ్లు. మా వైపు గోడకు మాత్రం బూజు పట్టేది. ఉతికిన దుప్పట్లు నాలుగు రోజులైనా ఆరకపోతే మా అమ్మ క్రిస్టీనా, ఈ ఇంట్లో మనిషై ఉండేకంటే అవతలి వైపు చెట్టై ఉండటం నయమని గొణుక్కునేది. నాన్న వినిపించుకునేవాడు కాదు. పీచ్‌కి ఎండ కావాలి, మనిషికి పైకప్పు చాలు అన్నది ఆయన లెక్క.

కార్గిల్‌లు మొదటి నుంచీ తోటపనివాళ్లేం కాదు. మా ముత్తాత కొండలోయలో ఓట్స్ ధాన్యం పండించుకున్న కౌలురైతు. గొర్రెల మేతకని అప్పటి దొర ఆ లోయంతా ఖాళీ చేయించాడు. తాత డేవిడ్ కిరిమ్యూర్ అనే ఊళ్లో మగ్గం వేశాడు. మరమగ్గాలు వచ్చి ఆ మగ్గమూ మూలపడింది. అప్పుడు మా నాయనమ్మ బేతియా, పదమూడేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని పంతొమ్మిది మైళ్లు నడిచి ఒక దొరగారి తోటలో పనికి అప్పజెప్పి, వాకిట్లోనే వెనుదిరిగి, ఆ పంతొమ్మిది మైళ్లూ మళ్లీ నడిచి ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర ఆమె చెప్పింది ఒక్కటే: "పరాయివాళ్ల గోడ లోపలికి పోతున్నావు. అక్కడి గడ్డిపరక కూడా నీది కాదు, గుర్తుపెట్టుకో."

నాన్న అంతకంటే బాగా దేన్నీ గుర్తుపెట్టుకోలేదు. ఆరు తోటలు మారాడు. కూలివాళ్ల కొట్టంలో ఇరవై ఏళ్లకు పైగా పడుకున్నాడు. కొట్టంలో ఉండేవాళ్లకి పెళ్లి చేసుకునే వీలుండదు. మా అమ్మ పాలకొట్టంలో వెన్న చిలుకుతూ ఆయన కోసం పదకొండేళ్లు ఎదురుచూసింది. నాన్నకి ముప్పై ఆరో ఏట ఇక్కడ పెద్ద తోటమాలి పదవి వచ్చాక పెళ్లి జరిగింది. అంత ఆలస్యంగా మొదలైన సంసారంలో నేనొక్కదాన్నే పుట్టాను. నా పేరు ఎల్స్‌పెత్.

నేను రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నాన్న ఒక ఆపిల్ పువ్వు పుప్పొడి తీసి ఇంకొక చెట్టు పువ్వుకి అద్దాడు. మా ఆంగస్ ప్రాంతపు చలికి తట్టుకుని, వేసవి మొదలయ్యేదాకా గడ్డిలో నిలవుండే పండు కావాలని ఆయన కోరిక. ఏడు గింజలు మొలిచాయి. ఆరు మొక్కలు పనికిరానివని ఆయనే పీకేశాడు. ఏడోది పదకొండో ఏట కాసింది. చూడటానికి ఏమీ బాగుండదు. గోధుమరంగు గరుకు తోలు, పిడికిట్లో పట్టేంత చిన్న పండు. దాన్ని గడ్డిలో దాచి, ఏప్రిల్‌లో, ఇంకే పండూ మిగలని రోజుల్లో తీసి కోశాడు. నాకొక ముక్క, అమ్మకొక ముక్క. ఆ రుచి నేను చెప్పలేను. తేనె, కొంచెం పులుపు, చివర్లో జాజికాయ లాంటి ఘాటు. అమ్మ రెండో ముక్కకి చెయ్యి చాపింది.

"దీని పేరు బేతియా కార్గిల్" అన్నాడు నాన్న. బడిలో పాఠం ఒప్పజెప్పే పిల్లాడిలా ఎర్రబడ్డాడు.

నాలుగేళ్ల తర్వాత ఆ పండు డండీ పట్నంలో పండ్ల పోటీకి వెళ్లింది. వెళ్లే ముందు దొరసాని లేడీ అడిలైడ్ పండ్లగదిలోకి వచ్చి ఒకటి తిని చూసింది. చాలా బాగుందనీ, దీనికి తన పేరే పెడుతున్నాననీ చెప్పింది. నాన్న టోపీ చేతిలో పట్టుకుని, "సంతోషమమ్మా" అన్నాడు. నేను అక్కడే పండ్లు తుడుస్తున్నాను. ఆయన మొహంలోకి చూశాను. ఏమీ కనిపించలేదు.

డండీలో మొదటి బహుమతి వచ్చింది. చీటీ మీద పెద్ద అక్షరాల్లో 'అడిలైడ్', దాని కింద దొరగారి పేరు, అడుగున చీమతలంత అక్షరాల్లో 'తోటమాలి: డబ్ల్యు. కార్గిల్'. నర్సరీలవాళ్లు ఇద్దరు అంటుకొమ్మలు అడిగారు. దొరసాని ఇవ్వనంది. తన బల్ల మీద తప్ప ఇంకెక్కడా దొరకని పండు కావాలట ఆవిడకి. దాంతో ఈ లోకం మొత్తానికి ఆ చెట్టు ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం అమ్మ బార్లీ చారు గిన్నె బల్ల మీద విసురుగా పెట్టింది. "పదిహేనేళ్లు పెంచింది నువ్వు. ఒక్క మాట చెప్పలేకపోయావా, వాటీ? మా అమ్మ పేరు అనుకున్నానమ్మా అని చెబితే నాలుక ఊడిపోయేదా?"

"చెట్టు దొరగారిది. మట్టి దొరగారిది."

"మరి నీదేంటి?"

"జీతం" అన్నాడు నాన్న, చారు తాగుతూ.

ఆయన్ని పిరికివాడు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ పనివాళ్ల ముందు ఆయన పులి. థామస్ స్పింక్ అని ఒక మంచి పనివాడు ఉండేవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. ఆరు స్ట్రాబెరీ మొక్కలు తన పెరట్లో నాటుకోవడానికి జేబులో పెట్టుకున్నాడు. ఎలాగూ చెత్తకుప్పలో పారేసే పిలకలే అవి. నాన్న వాణ్ని ఆ రోజే పంపించేశాడు. అతని భార్య మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నాన్న తలుపు వేయలేదు, మాటా మార్చలేదు. అలాంటి పని చేశాక ఆ మనిషి తన కోసం ఒక్క పుల్ల ఎలా విరుచుకుంటాడు?

యుద్ధం వచ్చింది. కొట్టంలో కుర్రాళ్లు వెళ్లారు, ముగ్గురు తిరిగి రాలేదు. దొరగారి పచ్చికలో బంగాళాదుంపలు వేశాం. మొక్కల గాజుఇళ్లు, పండ్లగది, కత్తిరింపులు అన్నీ నా చేతి మీదుగానే నడిచాయి. నాన్న పక్కన నిలబడి తప్పులు చెప్పేవాడు. బాగుందని ఒక్కసారీ అనలేదు, కానీ ఆపిల్ చెట్టు కత్తిరింపు మాత్రం మూడో ఏడు నుంచి నాకే వదిలేశాడు.

యుద్ధం ముగిసిన ఏడాదిలో దొరగారూ దొరసానీ ఒకరి వెనక ఒకరు పోయారు. ఆస్తి వాళ్ల మేనల్లుడు మేజర్‌గారికి వచ్చింది. ఆయన లండన్ నుంచి కదలకుండానే డ్రమ్‌ఫారో ఎస్టేటుని ఒక కలప వ్యాపారికి అమ్మేశాడు. బంగళా వెనక అడవి కొట్టేస్తారనీ, గోడ లోపలి స్థలంలో దుంగలు పేరుస్తారనీ తెలిసింది. మే నెలాఖరుకి మేము ఇల్లు ఖాళీ చేయాలి. నాన్నకి అరవై ఏడేళ్లు.

ఫిబ్రవరిలో చెట్లు ఇంకా నిద్రలో ఉన్నప్పుడే అంటుకి కొమ్మ తీయాలి. ఆ నెల రెండోవారం నేను కత్తిరింపు చేస్తూ ఆ చెట్టు నుంచి నాలుగు పుల్లలు తీసుకున్నాను. పెన్సిలంత లావు, జానెడు పొడుగు. తడి నాచులో చుట్టి, పాత మేజోడులో దోపి, వంటింటి అలమరలో ఓట్స్‌పిండి డబ్బా వెనక పెట్టాను. మేము చేరబోయే డండీలో, మా పిన్ని వాళ్ల వీధి చివర ఒక చర్చి తోట ఉంది. అక్కడ ఒక అడవి ఆపిల్ మొక్క మీద అంటుకడదామని నా ఆలోచన.

మూడో రోజు పొద్దున గంజి కాచుకోవడానికి నాన్నే ఆ డబ్బా తీశాడు.

నేను లోపలికి వచ్చేసరికి మేజోడు బల్ల మీద ఉంది. నాలుగు పుల్లలూ వరసగా పరిచి ఉన్నాయి. ఆయన అరవలేదు.

"ఎవరిని అడిగి తీశావు?"

"నాన్నా, అది కొట్టేయబోయే చెట్టు."

"ఎవరిని అడిగి తీశావని అడిగాను."

"ఎవర్ని అడగాలి? లండన్‌లో మేజర్‌గారికి ఆపిల్‌కీ ముల్లంగికీ తేడా తెలుసా? ఇది నీ చెట్టు. నాయనమ్మ పేరు పెట్టాలనుకున్న చెట్టు."

"స్పింక్ కూడా ఇలాగే చెప్పాడు, పారేసేవే కదండీ అని. వాణ్ని వెళ్లగొట్టినవాణ్ని, నా ఇంట్లో దొంగసొత్తు పెట్టుకుని వాడికి ఏ మొహం చూపించను?" పొయ్యి వైపు చూపించాడు. "నీ చేత్తో నువ్వే వెయ్యి."

అమ్మ గుమ్మంలో నిలబడింది. తను ఏదో ఒకటి అంటుందని చూశాను. పదకొండేళ్లు ఎదురుచూసిన మనిషి, ఆ రోజు మాత్రం నోరు తెరవలేదు. నేను నాలుగూ పొయ్యిలో వేశాను. పచ్చి పుల్లలు కదా, అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. నురగ కక్కుతూ, చిటచిటలాడుతూ కాలాయి. నాన్న అంతసేపూ కదలకుండా నిలబడే ఉన్నాడు.

తర్వాత నాన్నే, అడిగి తీసుకుంటే తప్పేముంది అన్నాడు. మేజర్‌గారికి ఉత్తరం రాశాడు. ఒక్క కొమ్మకి అనుమతి ఇప్పించమని. జవాబు లేదు. మళ్లీ రాశాడు. పోస్టు బండి వచ్చే వేళకి రోజూ గేటు దగ్గర నల్లకోటు, గుండ్రటోపీ పెట్టుకుని నిలబడేవాడు, ఉత్తరం వస్తే అందుకోవడానికి కూడా తగిన దుస్తులు ఉండాలన్నట్టు. మూడో ఉత్తరం తర్వాత వకీలు దగ్గర నుంచి టైపు కొట్టిన నాలుగు వాక్యాలు వచ్చాయి. తోటా, అందులోని సమస్తమూ కొన్నవారికే చెందుతాయి కనుక అనుమతి ఇవ్వడం తమ చేతిలో లేదని. కలప వ్యాపారి మనిషిని అడిగితే, కొమ్మ గురించి ఉత్తరాలెందుకు ముసలాయనా, కావలిస్తే చెట్టే పట్టుకుపో అని నవ్వాడు. కానీ అప్పటికి మే నెల. చెట్టు ఆకు విప్పి మొగ్గ తొడిగింది. అప్పుడు కోసిన కొమ్మ అంటుకి రాదు. అన్నేళ్ల చెట్టుని వేళ్లతో పెకలించి ఇంకోచోట బతికించడం మనిషి వల్ల కాదు. అయినా దాన్ని నాటడానికి మాకు జానెడు నేల లేదు.

రెండు గుర్రాలు కట్టి, గొలుసు వేసి లాగారు. చెట్టు గులాబీరంగు మొగ్గలతోనే పడింది. నాన్న పని ఆపకుండా అవతల ఉల్లిమడిలో కలుపు తీస్తూనే ఉన్నాడు. పది రోజుల్లో దుంగలు పేర్చబోయే మడిలో.

డండీలో పిన్ని వాళ్ల మూడో అంతస్తులో ఒక గదిలోకి చేరాం. కిందంతా జనపనార మిల్లుల పొగ. నేను పని కోసం పదిహేడు తోటలకి రాశాను. ఆడవాళ్లని పనిలోకి తీసుకోం అన్నారు కొందరు, మిగతావాళ్లు ఆ మాత్రం కూడా రాయలేదు. చివరికి ఊరిబయట ఊపిరితిత్తుల జబ్బు వాళ్ల ఆసుపత్రిలో కూరగాయల తోట దొరికింది. అరెకరం, రాళ్లనేల, ఎదురుగాలి. నాన్న వెనక వసారా కటకటాల దగ్గర కుర్చీ వేసుకుని, పక్కింటి ఆవిడ కుండీకి నీళ్లు ఎక్కువ పోస్తోందని రోజంతా సణిగేవాడు.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాం. పిన్ని అంగడిలో కొన్న ఆపిల్‌తో ఏదో చేసింది. నాన్న ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా దించేశాడు.

"ఆ రోజు నువ్వు వాటిని కాల్చేయకుండా ఉండాల్సింది" అన్నాడు.

"నువ్వే కదా కాల్చమన్నది."

"నేనంటాను. నేను అలా అనక తప్పని మనిషిని. నువ్వు వినకుండా ఉండాల్సింది. మూడు కాల్చి ఒకటి జేబులో దాచుకుంటే నాకు తెలిసేదా?"

ముప్పై ఏళ్లు ఆ మనిషి మాట జవదాటలేదు. జవదాటిన ఒక్కసారీ ఆయనే నన్ను దొంగని చేశాడు. ఇప్పుడు దొంగతనం సరిగ్గా చేయలేదని తిడుతున్నాడు.

"ఇప్పుడా చెప్పేది, నాన్నా?" అన్నాను. "నీ నీతి నీకు కావాలి, ఆపిలూ కావాలి, రెండింటి మధ్య పాపం మాత్రం నేను చేయాలి. అంతేనా?"

"అంతే" అన్నాడు. "అదే అనుకున్నాను కాబోలు."

క్షమించమని అడగలేదు. నేనూ క్షమించలేదు. అమ్మ లేచి గిన్నెలు తీసింది, ఒకదానిలో ఒకటి పడేలా చప్పుడు చేస్తూ.

ఆ గురువారం నేను ఆసుపత్రి తోటలో బఠానీలకి చాలు తీస్తుంటే, నాన్న ట్రామ్ దిగి నడుచుకుంటూ వచ్చాడు. నల్లకోటు, గుండ్రటోపీ. గట్టు మీద నిలబడి, చాలు లోతు చాలదన్నాడు. గాలి వచ్చే వైపు కంచె లేదన్నాడు. పేడ పచ్చిగా ఉందన్నాడు. నేను చాలు తీస్తూనే ఉన్నాను. కాసేపటికి కోటు విప్పి గట్టు మీద వేసి, నా చేతిలో పార అందుకుని, నేను తీసిన చాలు అంతా పూడ్చి, జానెడు అవతలగా మళ్లీ తీయడం మొదలుపెట్టాడు. ఆయనకి అప్పటికే చూపు తగ్గింది, చాలు వంకరపోయింది.

ఆయన పోయేదాకా, అంటే ఇంకో నాలుగేళ్లు, ప్రతి గురువారం వచ్చాడు. ప్రతిసారీ ఏదో ఒకటి మార్చి వెళ్లేవాడు. శుక్రవారం పొద్దున నేను దాన్ని సరిచేసుకునేదాన్ని.