గడప దగ్గర డ్యూటీ

పొద్దున్నే ఆరు కాకముందే రూబెన్ బూటుకు పాలిష్ పెట్టేవాడు. ఒక్క బూటే. రెండోది లేదు, దాని అవసరమూ లేదు. లేసు బిగించి "ఇంగ పో" అనగానే అతని ఎడమకాలు మంచం పక్కనుంచి లేచి, వాకిట్లోకి దిగి, ప్రొద్దుటూరు సందుల్లో షికారుకు పోయేది. పాలపాకెట్లు వేసే మనిషి సైకిలు పక్కకు తీసి దానికి దారి ఇచ్చేవాడు. కుక్కలు మొదట్లో నాలుగు రోజులు మొరిగి, తర్వాత విసుగొచ్చి మానేశాయి. ఎనిమిదింటికల్లా అది తిరిగొచ్చేది. బురదతో లోపలికి రాబోతే రూబెన్ భార్య రజిని అక్కడే ఆపి కసిరేది.

"తుడుచుకోని రా. ఇప్పుడే కసువు ఊడ్చినా."

రూబెన్ సైన్యంలో హవల్దారుగా చేసినవాడు. కుప్వారా దగ్గర మందుపాతర పేలి ఎడమకాలు తొడ దాకా పోయింది. వెన్ను దెబ్బతిని కుడికాలు ఉండీ లేనట్టయింది. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాడు. రెండేళ్ల తర్వాత ఆ ఎడమకాలు కూడా వచ్చింది, కడప బస్సులో. కండక్టరు దానికి టికెట్ కొట్టాలా, అర టికెట్ కొట్టాలా అని కాసేపు తల గోక్కుని, మిలిటరీ కాలు కదా అని ఊరికే వదిలేశాడట. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గాయం మానిపోయింది, ఇక అతకదన్నాడు. అతకకపోతేనేం, ఇంటిది ఇంటికొచ్చింది. రజిని మంచం పక్కన దానికో గోనెసంచి పరిచింది. పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో స్తుతి ప్రార్థన చేయించాడు.

ఏడేళ్లు అలా నిమ్మళంగా గడిచాయి. ఆ తర్వాత ఇంటి ఓనరు, ఇల్లు పడగొట్టి అంగళ్లు కట్టుకుంటానన్నాడు. ఆయన ఇల్లు, ఆయన ఇష్టం. మూడు నెలల గడువు కూడా ఇచ్చాడు. కానీ చక్రాల కుర్చీ పట్టే ఇల్లు దొరకడం మాటలా? మురిక్కాలవలకు భయపడి జనం ఇళ్లు ఎత్తుగా కట్టుకుంటారు. మెట్లు లేని ఇల్లు దొరికితే స్నానాలగది తలుపు ఇరుకు. రెండూ కుదిరితే, చక్రాలకు బండలు గీతలు పడతాయని ఇంటామె మూతి ముడుస్తుంది. రెండు నెలలు తిరిగి తిరిగి రజిని చెప్పులు అరిగాయే కానీ ఇల్లు దొరకలేదు.

సంగతి తెలిసి పులివెందుల నుంచి అబ్దుల్ వాహిద్ వచ్చాడు. రిటైరైన సుబేదారు. మనవలను ఆడించుకుంటూ హాయిగా ఉండాల్సిన వయసులో, దెబ్బలు తగిలి ఇంటికొచ్చిన సైనికులకు ఇళ్లు వెతికిపెట్టే పని తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. వేములలో ఒకరితో మొదలుపెట్టి అప్పటికి ఏడుగురిని ఇళ్లలో పెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతమివ్వలేదు. ఆయన మోపెడ్ మీద ఒక టేపు, ఒక ప్లాస్టిక్ స్టూలు, ఒక నోటుపుస్తకం ఎప్పుడూ ఉంటాయి. ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు టేపు తీస్తాడు. తలుపు వెడల్పు, మంచానికీ గోడకీ మధ్య సందు, స్విచ్చి ఎత్తు, కొళాయి ఎత్తు. స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపి, పొయ్యి అందుతుందో లేదో చూస్తాడు. కొలవనిదాన్ని నమ్మడు.

ఆయనే జమ్మలమడుగులో లక్ష్మీకాంతమ్మ ఇల్లు పట్టాడు. ఆమెకు డెబ్బై దాటాయి. భర్త ఆదినారాయణ పోయి పదేళ్లయింది. వెనక వాటాలో ఉంటూ రెండు బర్రెలు మేపి పాలు పోస్తుంది, వీధి తగువులన్నీ తీరుస్తుంది. ముందు వాటా ఖాళీగా ఉంది. రజిని పంతులమ్మగా పనిచేసే బడి అక్కడికి నాలుగు అడుగులు. రోజూ బస్సు పట్టుకునే బాధ తప్పుతుంది.

"దేశానికి కాలిచ్చినోనికి ఇల్లియ్యకుంటే ఎట్లప్పా? రమ్మను" అంది లక్ష్మీకాంతమ్మ. స్నానాలగది తలుపు వెడల్పు చెయ్యాలని వాహిద్ నసుగుతూ అడిగితే, "గోడ పగలగొట్టుకో. మల్ల కట్టు, అంతే" అని బర్రెల దగ్గరికి వెళ్లిపోయింది. వాహిద్ మేస్త్రీని పెట్టి తలుపు మార్పించాడు, పట్టుకోవడానికి గోడకు గొట్టాలు బిగించాడు, వీధి నుంచి వాకిలి దాకా సిమెంటు వాలు పోయించాడు. అంత మంచి ఇల్లు కుదిరినందుకు రజిని ఆ ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది.

సామాను దిగిన రోజు రూబెన్ కుర్చీ సిమెంటు వాలు మీద చక్కగా ఎక్కి, వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది. ఎదురుగా గడప. చుట్టుపక్కల ఇళ్లలో గడపలు కొయ్యవి, జానెడు కూడా ఉండవు. ఇది నల్లరాయి. తొమ్మిది అంగుళాల ఎత్తు, నిండా పసుపు, కుంకుమ బొట్లు.

వాహిద్ నోటుపుస్తకం తీశాడు. అందులో అన్నీ ఉన్నాయి, గడప ఒక్కటి లేదు. చూడక కాదు, పనివాళ్లతో ఆ గడపను రోజుకు ఇరవై సార్లు దాటాడు. పుట్టి నడక నేర్చిన నాటి నుంచి గడప దగ్గర మన కాళ్లు వాటంతటవే లేస్తాయి, మనకు తెలియను కూడా తెలియదు. దాన్ని కొలవాలని ఎవరికి తోస్తుంది? పాపం, పెద్దాయన ముఖం చిన్నబోయింది.

"తప్పు నాదే. మేస్త్రీ ఈడనే ఉండాడు, రెండు దెబ్బల పని" అన్నాడు.

లక్ష్మీకాంతమ్మ గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది. "గోడ అడిగినావు, ఇచ్చినా. తలుపు అడిగినావు, ఇచ్చినా. గడపకు ఉలి తగిలేదానికి లేదు నాయనా. గడపంటే లచ్చిమి. మా పెండ్లయిన యేడు మా ఇంటాయన బండి మీద యేసుకోని వచ్చినాడు ఈ రాయి. దీన్ని పగలగొట్టినాక ఇంట్లో ఏం నిలుస్తాది?" అంటూ ఏడ్చేసింది. ఏడుస్తూనే, "పగలగొట్టకుండా ఏమన్నా చేసుకోండి. ఇల్లు మాత్రం మీదే" అంది.

చెక్క వేసి చూశారు. బయట వాలుకు చోటుంది కానీ లోపల నాలుగడుగుల్లోనే అడ్డగోడ, పక్కకు తిరగాలి. మూడో రోజు కుర్చీ జారి రూబెన్ నుదురు గోడకు కొట్టుకుంది. చెక్క తీసేశారు. ఆ తర్వాత రజినే కుర్చీని వెనక్కి తిప్పి, పళ్లు బిగించి, గడప మీదుగా లాగేది. బడికి పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి, ఆసుపత్రికి పోతే మరో రెండుసార్లు. ఇరుగుపొరుగు కూడా చెయ్యి వేసేవాళ్లు. ఎంత మంచివాళ్లయినా ఎవరి పనులు వాళ్లకుంటాయి. రెండు నెలలకు ఒక పొద్దున రజిని నడుము పట్టేసింది. వంగినామె వంగినట్టే ఉండిపోయింది. ఇంకోసారి బరువెత్తితే ఆపరేషనే అని చెప్పాడు డాక్టరు.

వాహిద్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. పూణే దగ్గర మాజీ సైనికుల వసతిగృహంలో ఒక మంచం ఖాళీ అయిందట. అన్ని వసతులూ ఉన్నాయి, కుటుంబానికి మాత్రం చోటు లేదు. నెలాఖరు శనివారంలోగా అవునో కాదో రాయాలి. ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి.

"రాసెయ్ మామా, వస్తానని" అన్నాడు రూబెన్.

"ఎవరినడిగి?" అంది రజిని మంచం మీది నుంచి.

"నీ నడుము ఇరిగినాక అడగాల్నా? నువ్వు పడిపోతే నేను లేపలేను, రజినీ. నన్ను నువ్వు తొమ్మిదేండ్లు లేపినావు. చాలు."

రజిని గోడ వైపు తిరిగి పడుకుంది. వాహిద్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నెలాఖరులో వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

జమ్మలమడుగు వచ్చినప్పటి నుంచి కాలు పెన్న ఇసుకలో షికారు చేసేది. మరుసటి పొద్దున బూటు పాలిష్ అయ్యాక అది పెన్న వైపు పోలేదు. గడప దాటి వాకిట్లోకి దిగింది. మళ్లీ గడప దాటి లోపలికొచ్చింది. మళ్లీ బయటికి. ఒంటికాలు కదా, ఎంత ఎగిరినా అడుగు రాతికి రాసుకునేది. చెప్పినా ఆగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక అరగంట గోనెసంచి మీద కూర్చుని, లేచి మళ్లీ మొదలుపెట్టింది.

లక్ష్మీకాంతమ్మ పాలచెంబుతో వచ్చి చూసింది. "ఏందమ్మే, ఇది పొద్దుగాల నుంచి దాటుతానే ఉండాది?"

"తెలీదవ్వా. డ్యూటీ అనుకున్నట్టుండాది" అంది రజిని.

"దాటితే దాటనీలే. తొక్కి నిలబడొద్దని చెప్పు" అని పాలు పోసి వెళ్లింది. కాలు నిలబడలేదు. నిలబడే తీరిక దానికెక్కడిది?

నాలుగో రోజు పాలిష్ పెడుతుంటే బూటుకు మడమ లేదు. ఆరో రోజుకు బూటే లేదు, లేసు ఒకటి మిగిలింది. తర్వాత రోజూ రెండేసి వేళ్ల మందం కాలు తరిగిపోతూ వచ్చింది. రక్తం లేదు, ఏమీ లేదు. గడపకు రెండు వైపులా సన్నటి బూడిదరంగు పొడి రాలేది. రజిని నడుము పట్టుకుని మెల్లగా దాన్ని ఊడ్చేది. ఆ పొడిలో రాయి ఎంతో, కాలు ఎంతో ఎవరు చెప్పగలరు? గడప నడుమ మాత్రం వేలు పట్టేంత పల్లం పడింది.

అప్పుడు అర్థమైంది రూబెన్‌కు. అర్థమయ్యాక అతనికి భయమేసింది. కాలిని పట్టుకుని తన నల్ల ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. మందుపాతర దగ్గర పోయిందనుకున్నది రెండేళ్లు వెతుక్కుంటూ వచ్చింది. దాన్ని రెండోసారి పోగొట్టుకోవడం అతని వల్ల కాదు. కాలు లోపలి నుంచి కొట్టడం మొదలుపెట్టింది. పరేడు మైదానంలో కొట్టినట్టు ఒకే తాళంలో, రెండు రోజులు, ఆగకుండా.

రెండో రోజు సాయంత్రం రజిని పెట్టె మీద కూర్చుంది.

"నేనొకటడుగుతా చెప్పు. మీ దండులో ఎవడన్నా నేను పోతా సార్ అని ముందుకొస్తే, వాన్ని పెట్టెలో పెట్టి తాళమేసినావా?"

అట్లా ముందుకొచ్చిన కుర్రాళ్ల పేర్లు రూబెన్‌కు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఒక్కరినీ ఆపలేదు. ఆపితే వాళ్లు క్షమించేవాళ్లు కాదు.

తాళం తీశాడు. కాలిని ఒళ్లో పెట్టుకుని, దాని పిక్కను, ఎప్పుడో చిన్నప్పుడు వరిమడిలో కొడవలి తెగిన మచ్చను చేత్తో నిమిరాడు. "మీ అందరికీ బరువైనాననుకున్నా. నువ్వు నన్ను ఈడ ఉంచేదానికి వచ్చినావని తెలీలేదు. నీ రుణం నేను తీర్చుకోలేనురా" అన్నాడు. కిందికి దించి, "పో" అన్నాడు. అది పోయింది.

గడప తగ్గే కొద్దీ కాలూ తగ్గింది. తగ్గిన కాలికి తగ్గిన గడప సరిగ్గా సరిపోతూ వచ్చింది. మొదట నడుమనే దాటినది, పల్లం లోతయ్యాక ఒక్కో రోజు ఒక్కో పక్కకు జరిగి దాటింది. పిక్క పోయింది, మచ్చ పోయింది, మోకాలు పోయింది. రూబెన్ రోజంతా పక్కనే కుర్చీలో కూర్చుని దానికి తోడున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి, ఇంకెంత ఉందప్పా అని అడిగి పోయేవాళ్లు. నెలాఖరు గురువారం పొద్దుగూకే వేళ అరచెయ్యంత ముక్క ఒకటి గడప దాటి లోపలికొచ్చింది. మళ్లీ బయటికి పోలేదు. రజిని చీపురు పట్టుకొచ్చి, ఊడ్చబోయి, చీపురు పక్కన పెట్టి, ఆ పొడిని కొంగులోకి చేత్తో ఎత్తింది. ఇద్దరూ దాన్ని పెన్న ఇసుకలో కలిపి, ఒక కీర్తన పాడి వచ్చారు. ఆ రోజుకు కూడా కుర్చీని పొరుగువాళ్లే దాటించారు. చక్రాలు ఆనించి చూడటానికి రూబెన్‌కు ధైర్యం చాల్లేదు. రోజూ చూసి పోయే ఇంటామె, రాయి నేలమట్టమయ్యాక ఏమంటుందో!

శుక్రవారం పొద్దున లక్ష్మీకాంతమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. వాహిద్ కూడా అప్పుడే మోపెడ్ దిగాడు, జేబులో కాగితంతో. ఆమె గడప ముందు కూర్చుంది. రాయి రెండు చివర్లా తొమ్మిది అంగుళాల ఎత్తు అలాగే నిలిచి ఉంది. నడుమ మాత్రం నేలతో సమం. ఆమె చెయ్యి పెట్టి చూసింది. గడప నున్నగా ఉంది, ఎక్కడా గాటు లేదు. పొద్దున్నే పొరుగువాళ్లు బయటికి దించిన రూబెన్, వాకిట్లో కుర్చీలో కూర్చుని ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఉలి తగల్లేదు" అంది లక్ష్మీకాంతమ్మ.

"లేదమ్మా" అన్నాడు రూబెన్.

"పగలగొట్టింది కాదు. దాటీ దాటీ అరిగింది." ఆమె పల్లాన్ని మళ్లీ నిమిరింది. "మా ఇంటాయన దీన్ని తెచ్చింది దాటేదానికే కదా, పూజలో పెట్టుకునేదానికా? యాభై ఏండ్లు మేమంతా దాటి అరగదీయలేకపోయినాం. శానా గట్టి కాలు నాయనా నీది." ఆ పల్లం పొడుగునా పసుపు రాసింది, ఎప్పటికంటే ఎక్కువే రాసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచి పక్కకు జరిగింది.

వాహిద్ టేపు తీసి వంగాడు. "పల్లం ఇరవై ఎనిమిది అంగుళాలు. కుర్చీ ఇరవై ఆరు" అన్నాడు. ఆ తర్వాత నోటుపుస్తకంలో రాసుకుందామని కళ్లద్దాలు వెతుక్కున్నాడు, అవి కళ్లకే ఉన్నాయి కానీ తడిసిపోయి ఏమీ కనిపించలేదు. జేబులో కాగితం తీసి, దాని వెనక, మంచం ఇంకెవరికన్నా ఇవ్వండి అని రూబెన్ చేతనే రాయించాడు.

"పో బేటా" అన్నాడు.

రూబెన్ చక్రాలను తోశాడు. కుర్చీ కుదుపు లేకుండా గడప దాటింది. ఎవరూ పట్టుకోలేదు. పసుపు అంటిన చక్రాలు ముందు గది దాటాయి, వంటింటి తలుపు దగ్గరికి వచ్చాయి. లోపల రజిని వీపు ఇటు పెట్టి పొయ్యి దగ్గర బొరుగుల ఉగ్గాని కలుపుతోంది. తొమ్మిదేళ్లలో ఆమెకు తెలియకుండా అతను ఇంట్లోకి వచ్చింది లేదు. ఎప్పుడూ ఆమె చేతుల మీదుగానో, పొరుగువాళ్ల చేతుల మీదుగానో వచ్చాడు.

వెనక అలికిడి విని, తిరక్కుండానే, "ఎవరూ?" అంది రజిని.

"నేనే" అన్నాడు రూబెన్.