కాశీలో వదిలిన కాయ

మా ఆయన అస్థికలు తీసుకుని కాశీకి పోయినప్పుడు, అక్కడి పంతులు ఇష్టమైన కూరగాయ ఒకటి వదలమన్నాడు. ఆ పంతులుది గోదావరి జిల్లా. నాకేమీ తోచలేదు. "చాలామంది ఆనపకాయ వదులుతారమ్మా" అని ఆయనే అందించాడు.

చలికాలం వస్తే మా ఆయనకు అనపకాయలే లోకం. గింజలు నానబెట్టి, తోలు పితికి, పితికిన పప్పు కూర చేస్తే సంగటి రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. తింటూనే "ఉప్పు చాల్లేదు" అనేవాడు, ప్రతిసారీ. ఆయన కోసమే కదా అని వదిలేశాను.

మూడు చలికాలాలు గడిచాయి. అనంతపురం రైతుబజారులో అనపకాయల కుప్పలు కనిపిస్తే ముఖం తిప్పుకుని సొరకాయ కొనుక్కునేదాన్ని. ఏం తిన్నా ఒకటే. ఏడుపు కూడా రాలేదు. మా ఆడబిడ్డ సుబ్బలక్ష్మమ్మ నాది రాతిగుండె అని నలుగురిలో అనింది. అననీలే అనుకున్నాను. ఆ కాయ ముట్టకపోవడం ఒక్కటే ఆయన కోసం నేను చేస్తున్న పని.

నిన్న గంగప్ప దగ్గర కూరగాయలు కొంటుంటే, బ్యాంకుకు బదిలీ మీద వచ్చిన ఒకామె సొరకాయ మీద చెయ్యేసి అడిగింది.

"ఆనపకాయ ఎంతండీ?"

"అది సొరకాయమ్మా. అనపకాయలు ఈడుండాయి చూడు" అన్నాడు గంగప్ప.

"అవి చిక్కుళ్లు కదండీ! మేం దీన్నే ఆనపకాయ అంటాం."

"మీది యా ఊరు తల్లీ?" అని అడిగాను.

"కాకినాడండీ."

అప్పటికే నా సంచిలో సొరకాయ ఉంది. ఆయన పేరు మీద వదిలినదాన్ని మూడేళ్లు వారానికి రెండుసార్లు వండుకు తిన్నాను. పంతులు మీద కోపం రావాలి. అదీ రాలేదు. సొరకాయ తీసి కుప్పలో పెట్టేశాను.

"ఏం రామాంజినమ్మా, పుచ్చు ఉండాదా?"

"లేదప్పా. కేజీ అనపకాయలు ఎయ్యి."

"మంచు పడిన కాయ. వాసన చూడు!"

నాకు వాసనేమీ తెలియలేదు. ఇంటికొచ్చి ఒలిచి, నానబెట్టి, ఒక్కదాన్నే కూర్చుని గింజా గింజా పితికాను. కూర వండి, సంగటి కెలికి, ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు చాల్లేదు.

మూడేళ్లలో మొదటిసారి నాలుకకు ఉప్పు సంగతి తెలిసింది. "నువ్వనింది నిజమేలేయ్యా" అన్నాను ఆయన కూర్చునే పీట చూసి. అప్పుడొచ్చింది ఏడుపు. ఏడుస్తూనే ఇంత ఉప్పు కలుపుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.