లోపల వదిలిన గుడ్డ

ఇంటి ముందుగదే దర్జీ కొట్టు. మధ్యాహ్నం అతను అన్నం ముందు కూర్చునేసరికి, ఎదురుగా భార్య చేతిలో సీసా గడగడలాడుతుంది. అదే ఆమె భోజనం. పొద్దునొక సీసా, మధ్యాహ్నమొక సీసా, నీళ్ళలో కలిపిన పొడి. రాత్రి ఒక్కపూటే తిండి. నాలుగు నెలలుగా ఇదే వరస.

"గోడకి సున్నం వేయగా మిగిలితే నాకూ కాస్త పొయ్యి," అని మొదట్లో వేళాకోళమాడేవాడు. ఇప్పుడు ఆడటం లేదు. ఆమె ఆ సున్నపునీళ్ళలాంటిది గుటకలు వేస్తుంటే అతనికి ముద్ద దిగదు.

ఆమెది రక్తపరీక్షల గదిలో ఉద్యోగం. రోజంతా ఊరందరి షుగర్ చూసి, చివర్లో తనది చూసుకుని నిట్టూర్చేది. ఇంతకుముందు రెండుసార్లు బరువు తగ్గింది. రెండుసార్లూ పోయిన బరువు చుట్టాల్ని వెంటేసుకుని మరీ తిరిగొచ్చింది. ఈసారి నిలబెట్టుకోకపోతే ఇన్సులిన్ తప్పదని డాక్టరు తేల్చి చెప్పాడు. పధ్నాలుగు కిలోలు తగ్గింది. డాక్టరు మాత్రలు కూడా తగ్గించాడు.

ఆ రోజు మధ్యాహ్నం సీసా సగంలో ఆపి, అతను బిగించి ఇచ్చిన తెల్లకోటు వేసుకుని అద్దం ముందు నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. అంతలో నడుము దగ్గర ఏదో మందంగా తగిలి, కోటు విప్పి తిరగేసింది. కుట్టు పక్కన రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ, మడిచి, పదిలంగా టాకాలు వేసి ఉంది.

"ఇదేంటి?"

"పని అలవాటు. అందరికీ వదులుతాను."

"నిన్న పక్కింటాయన కోటుకి మిగిలింది కత్తిరించి పారేశారు. నేను చూశాను."

అతను బల్లమీది దారపుచుట్టలు సర్దడం మొదలెట్టాడు.

"నేను మళ్ళీ ఊరిపోతాననేగా?"

అబద్ధం చేతకాని మనిషి, తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"కత్తిరించండి," అని కోటు బల్లమీద పడేసింది.

టాకాలు విప్పాడు. గుడ్డ పరిచి పెద్దకత్తెర తీశాడు. ఇది తెగిందంటే ఈ కోటు ఇంక వదులవదు. ఆమె కత్తెరనే చూస్తోంది. రెండుసార్లూ బీరువా అడుక్కి చేరి, మళ్ళీ పైకొచ్చిన పెద్ద పాతకోట్లు ఆమె మాత్రం ఎలా మరిచిపోతుంది?

కత్తెర గుడ్డని తాకేలోగా ఆమె చెయ్యి వచ్చి ఆ గుడ్డమీద పడింది.

"ఉండనివ్వండి," అంది మెల్లగా.

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. అతను సూదిలో దారం ఎక్కించి, విప్పిన టాకాలన్నీ మళ్ళీ వేశాడు. ఆమె పక్కనే కూర్చుని సీసాలో మిగిలింది తాగేసింది.